రాళ్ళబాటలో బండికి రక్షణ

(ప్లాటినం జూబిలీ సందర్భంగా జరిగిన విజ్ఞాన సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని లేచి నిలబడితే పాఠశాల చరిత్రో, మాతృభాషా మహిమో వినవలసి వస్తుందని మీరనుకోవడం సహజం. ఆ రెండు విషయాలనూ నాకన్న పెద్దలు, నాకన్న చక్కగా చెప్పగలవారు ఈ ఉత్సవాలలో చెబుతున్నారు. నేను భౌతికశాస్త్రం బోధించే ఉపాధ్యాయురాలిని. కనుక నేడు మీ ముందు ఒక ఇనుప పెట్టెను గురించి మాట్లాడదలచుకున్నాను. అది జీపు అడుగున, రెండు చక్రాల నడుమ, ఇరుసుకు బొజ్జలాగా వేలాడుతూ ఉంటుంది. దాని పేరు డిఫరెన్షియల్. మెకానిక్కులు దాని గుల్లను హౌసింగ్ అంటారు. రాళ్ళదారిలో దానిని దెబ్బ తగలకుండా కాపాడుకోవడం ఎలాగన్నదే నా ప్రసంగ విషయం.

ఈ విషయాన్ని ఎన్నుకోవడానికి కారణం ఉంది. జూబిలీ సంవత్సరంలో మన పూర్వ విద్యార్థులు కొందరు కుటుంబాలతో శ్రీశైల యాత్ర తలపెట్టారు. మల్లికార్జునస్వామి, భ్రమరాంబాదేవి దర్శనానంతరం ఇష్టకామేశ్వరీదేవిని కూడా దర్శించాలని వారి సంకల్పం. ఆ గుడి శ్రీశైలానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, నల్లమల అడవి నడుమ ఉంది. దోర్నాల రోడ్డు వదలి అడవిలోనికి మళ్ళిన తరువాత రోడ్డనదగినది లేదు. వానకు మట్టి కొట్టుకుపోయి తేలిన బండరాళ్ళ మీదుగా, వాగుల మీదుగా జీపులు ఊగుతూ, ఒరుగుతూ సాగవలసిందే. వెళ్ళివచ్చిన వారెవరిని అడిగినా ముందు అమ్మవారి మహిమను, వెంటనే ఆ జీపు ప్రయాణాన్ని వర్ణిస్తారు. "అమ్మా, పసిపిల్లలను, ముసలివారిని ఆ జీపు ఎక్కించవచ్చునా? మధ్యలో బండి విరిగిపోతే మా గతి ఏమిటి?" అని యాత్రకు పేరిచ్చిన తల్లులు నన్ను అడిగారు. అది న్యాయమైన ప్రశ్న. దానికి భయంతోనో, భక్తితోనో కాక, విషయం తెలుసుకుని సమాధానం చెప్పాలి. నా సమాధానమే ఈ ప్రసంగం.

ఇది యాత్రికుల సమస్య మాత్రమే కాదని కూడా మనవి చేస్తాను. అరకు దారిలో బొర్రా గుహలకు సమీపాన ఉన్న కటికి జలపాతానికి జీపులే సందర్శకులను రాళ్ళదారిలో తీసుకుపోతాయి. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో, బండి చేరలేని కొండగూడేల నుండి గర్భిణులను డోలీలో మోసుకువచ్చి వాహనం అందే చోటికి చేర్చిన వార్తలు మనం పత్రికలలో చదువుతూనే ఉన్నాం. డోలీ మోసినవారి శ్రమ ఫలించాలంటే ఆ తరువాతి వాహనం నిలిచిపోకూడదు. మనకు అది ఒకనాటి విహారం కావచ్చు. అక్కడివారికి ఆ ఇనుప పెట్టె పగలకుండా ఉండటం మీద ఒక్కొక్కసారి రెండు ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

ఇక విషయంలోనికి వస్తాను. మన తాతల ఎడ్లబండిని గుర్తు తెచ్చుకోండి. దాని ఇరుసు తిరగదు, చక్రాలు మాత్రమే ఇరుసు కొనల మీద విడివిడిగా తిరుగుతాయి. బండిని లాగేవి ఎడ్లు కనుక చక్రానికి ఏ శక్తినీ అందించనక్కరలేదు. చక్రం మనిషి ఛాతీ ఎత్తున ఉంటుంది, ఇరుసు కింద ఏమీ వేలాడదు. అందుకే ఎడ్లబండి ఎంత రాయినైనా నడుమనుంచి దాటిపోగలదు. పంగుణి ఉత్సవంలో కపాలీశ్వరస్వామి రథం మాడవీధుల మలుపు తిరగడం మైలాపూరు వారికి వర్ణించి చెప్పనక్కరలేదు. మలుపులో వెలుపలి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం నడుస్తుంది. చక్రాలు వేటికవి స్వతంత్రం కనుక ఈ తేడా అక్కడ చిక్కు తెచ్చిపెట్టదు.

మోటారు బండిలో అలా కాదు. అక్కడ ఇంజను శక్తి ఇరుసు ద్వారా చక్రాలకే చేరాలి. రెండు చక్రాలనూ ఒకే కడ్డీకి బిగిస్తే రెండూ సమానంగానే తిరగాలి. రెండు చక్రాల నడుమ దూరం 1.4 మీటర్లనుకుందాం. బండి ఒక లంబకోణపు మలుపు తిరిగేసరికి వెలుపలి చక్రం లోపలి చక్రం కన్న సుమారు 2.2 మీటర్లు అధికంగా నడవాలి. ఈ లెక్క మన తొమ్మిదో తరగతి పిల్లలు నోటితో చేయగలరు. రెండూ ఒకే కడ్డీకి బిగిసి ఉంటే ఏదో ఒక చక్రం నేలను రాచుకుంటూ ఈడ్వబడుతుంది. టైరు అరుగుతుంది, ఇరుసు మెలిపడుతుంది. ఈ చిక్కును విడదీసే పళ్ళచక్రాల అమరికకు ఫ్రాన్సు దేశపు యంత్రకారుడు ఒనేసిఫోర్ పెకర్ పేటెంటు పొందాడు. అప్పటికి పెట్రోలు బండ్లు లేవు, ఆవిరి బండి కోసం ఆయన దానిని కల్పించాడు. నేటికీ కోట్లాది వాహనాలలో పనిచేస్తున్నది ఆ సూత్రమే.

దాని పనితీరును సులభంగా చెబుతాను. ఇంజను నుండి వచ్చే పొడవైన షాఫ్టు చివర పినియన్ అనే చిన్న పళ్ళచక్రం ఉంటుంది. అది క్రౌన్ వీల్ అనే పెద్ద పళ్ళచక్రాన్ని తిప్పుతుంది. పినియన్‌కు 10 పళ్ళు, క్రౌన్‌కు 40 పళ్ళు ఉన్నాయనుకుంటే వేగం నాలుగో వంతుకు తగ్గి, తిప్పే బలం నాలుగింతలవుతుంది. క్రౌన్‌కు బిగించిన పంజరంలో చిన్న పళ్ళచక్రాలు ఉంటాయి. అవి కుడి, ఎడమ ఇరుసుల కొనలనున్న పళ్ళచక్రాలతో కలిసి ఉంటాయి. తిన్నని దారిలో పంజరమంతా ఒక్క ముద్దగా తిరుగుతుంది. మలుపులో చిన్న చక్రాలు తమ చుట్టూ తాము కూడా తిరిగి, ఒక చక్రం కోల్పోయిన వేగాన్ని రెండో చక్రానికి అందిస్తాయి. పంజరం నిమిషానికి 100 చుట్లు తిరుగుతుంటే, ఎడమ చక్రం 90 తిరిగినప్పుడు కుడి చక్రం 110 తిరుగుతుంది. రెంటి సగటు ఎప్పుడూ నూరే.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. క్రౌన్ వీల్ పెద్దదిగా ఉంటేనే బలం వస్తుంది. క్రౌన్ పెద్దదైతే దానిని మూసే పెట్టె పెద్దదవుతుంది. పాత జీపులలో ఈ పెట్టె ఇరుసులో భాగమే కనుక, చాసీతోపాటు పైకి లేవక, ఇరుసుతోపాటు నేలకు దగ్గరగానే ఉంటుంది. అంటే బండి మొత్తంలో అతి ముఖ్యమైన పళ్ళచక్రాలు రాళ్ళకు అతి చేరువలో ఉన్నాయన్నమాట. నాలుగు చక్రాలూ లాగే జీపుకు ఇటువంటి పెట్టెలు ముందొకటి, వెనుకొకటి, రెండుంటాయి. రెండవ ప్రపంచయుద్ధ కాలపు విల్లీస్ జీపులలో ఇవి నట్టనడుమ కాక ఒక పక్కకు జరిగి ఉండేవి. 1947లో మహీంద్రా వారు ఆ విల్లీస్ జీపులనే మన దేశంలో కూర్చడం మొదలుపెట్టారు. అందుచేత ఎవరి బండిలో ఆ బొజ్జ ఏ పక్కన ఉన్నదో వారు వంగి చూసుకుని ఎరిగి ఉండటం మొదటి పాఠం.

నేలకూ పెట్టెకూ నడుమ ఎంత ఎడముంటుంది? టైరు ఎత్తు 720 మిల్లీమీటర్లనుకుందాం. ఇరుసు నడిమి భాగం అందులో సగం, 360 ఎత్తున ఉండాలి. బరువుకు టైరు కొంచెం అణగుతుంది కనుక 345 అనుకుందాం. అక్కడి నుండి పెట్టె బొజ్జ కిందికి 125 ఉంటే మిగిలేది 220 మిల్లీమీటర్లు. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌కు తయారీదారులు చెప్పే ఎత్తు కూడా దీనికి దగ్గరే, 226 మిల్లీమీటర్లు. మీ పిల్లల సంచిలోని 30 సెంటీమీటర్ల స్కేలును నేలమీద నిలబెడితే 22వ గీత దగ్గర ఆ పెట్టె ఉంటుంది. అంతకు పైకి తేలిన రాయిని నడుమ పెట్టుకుని దాటబోతే తగలక తప్పదు.

ఇక్కడ చాలామంది యువకులు ఒక పొరపాటు అభిప్రాయంలో ఉంటారు. కమానులు ఎత్తు చేయించి, బండిని పొడుగు చేయిస్తే డిఫరెన్షియల్‌కు ఇక భయం లేదనుకుంటారు. కమాను చాసీని మోసే వస్తువు. దానిని ఎత్తు చేస్తే చాసీ లేస్తుంది గాని ఇరుసు ఉన్నచోటనే ఉంటుంది. ఇరుసును లేపగలిగేది టైరు ఒక్కటే. టైరు ఎత్తు 50 మిల్లీమీటర్లు పెరిగితే పెట్టె 25 మిల్లీమీటర్లు లేస్తుంది. అందుకు మూల్యంగా పళ్ళచక్రాల మీద, బ్రేకుల మీద భారం పెరుగుతుంది, బండి ఒరిగే భయమూ అధికమవుతుంది. పైగా కర్మాగారం ఇచ్చిన రూపాన్ని మార్చితే చట్టం అడ్డువస్తుంది.

ఇతర దేశాలవారు ఈ చిక్కును వేరే దారులలో కూడా విడదీశారు. కొన్ని బండ్లలో డిఫరెన్షియల్‌ను ఇరుసు నుండి వేరుచేసి చాసీకే బిగించి, చక్రాలకు విడివిడి కడ్డీలు పెట్టారు. జర్మనీలో రెండవ ప్రపంచయుద్ధానంతరం రూపొందిన యూనిమాగ్ బండిలో ప్రతి చక్రం వద్దా మరొక పళ్ళచక్రాల జత పెట్టి, ఇరుసును చక్రం నడుమకు కాక దానికన్న పైకి చేర్చారు. అమెరికా సైన్యపు హమ్వీలో చక్రాల వద్ద పళ్ళచక్రాలు, చాసీకి బిగించిన డిఫరెన్షియల్, రెండూ ఉన్నాయి. ఇవన్నీ ఖరీదైన ఏర్పాట్లు. నల్లమలలో బ్రతుకుతెరువు కోసం తిరిగే పాత జీపుకు అవి అందేవి కావు. దానికి అందుబాటులో ఉన్నవి మూడు: నడిపేవాని నేర్పు, ఒక ఉక్కు రేకు, క్రమం తప్పని పరీక్ష.

నేర్పు గురించి చెప్పేముందు దెబ్బ ఎన్ని విధాలుగా తగులుతుందో తెలుసుకోవాలి. మొదటిది, రాయి నేరుగా పెట్టెకు తగలడం. వెనుక మూత పలుచని రేకుదైతే సొట్టపడి లోపలి క్రౌన్‌ను తాకుతుంది. పోతపోసిన ఇనుమైతే బీటవారుతుంది. రెండవది, అడుగున ఉన్న నూనె మర తల తెగిపోవడం. మూడవది, పినియన్ వద్దనున్న ఆయిల్ సీలు, షాఫ్టు జాయింటు దెబ్బతినడం. నాలుగవది, ఇరుసు గొట్టం మీదుగా పోయే బ్రేకు గొట్టం నలిగి తెగడం. ఇది అన్నిటికన్న ప్రమాదకరం. నూనె కారితే బండి కొంతదూరం పోయి ఆగుతుంది, బ్రేకు నూనె పోతే బండి ఆగవలసినచోట ఆగదు. అయిదవది వెలుపలికి కనిపించదు. ఒక చక్రం గాలిలోకి లేచినప్పుడు డిఫరెన్షియల్ స్వభావం వల్ల ఆ చక్రమే గిరగిర తిరుగుతుంది, నేలనున్నది కదలదు. డ్రైవరు విసిగి యాక్సిలరేటర్ తొక్కుతాడు. తిరుగుతున్న చక్రం హఠాత్తుగా రాతిమీద పడి పట్టు దొరికిన క్షణంలో ఆ అదురంతా పళ్ళమీదనే పడుతుంది. రాయి తగలకుండానే పళ్ళు విరుగుతాయి, లేదా ఇరుసు తెగుతుంది.

ఇక నేర్పు. రాయి కనబడగానే దానిని రెండు చక్రాల నడుమకు తెచ్చుకోవడం మనిషికి సహజమైన బుద్ధి. పట్టణపు రోడ్డుమీద చిన్న గులకరాయికి అది సరిపోతుంది. అడవిలో అది తప్పు. పెద్ద రాయిని నడుమకు కాక టైరు కిందికి తెచ్చుకోవాలి. కారణం వినండి. ఒక చక్రం 20 సెంటీమీటర్ల రాతిని ఎక్కితే ఇరుసు ఒక కొన 20 లేస్తుంది. నడుమనున్న పెట్టె అందులో సగం, అంటే 10 సెంటీమీటర్లు లేస్తుంది. ఏ రాయి పెట్టెను పగలగొట్టబోయిందో ఆ రాతిచేతనే పెట్టెను లేపించుకున్నామన్నమాట. అలాగే బరువు బండ్లు నడిచి గాళ్ళు పడిన దారిలో నడుమ గట్టు మిగులుతుంది. గాళ్ళలో చక్రాలు దింపితే ఆ గట్టే పెట్టెను గీరుతుంది. ఒక చక్రాన్ని గట్టుమీద, ఒక చక్రాన్ని దారి అంచున నడిపించడం మేలు.

దారి తెలియనిచోట బండి దిగి ముందు కాలినడకన చూసిరావడం సిగ్గుపడవలసిన పని కాదు. కదిలే రాయిని చేతితో తొలగించడం, గుంటలో రాళ్ళు పేర్చడం అనుభవజ్ఞుల లక్షణం. క్లీనరు ముందు నిలబడి చేతితో దారి చూపుతుండగా, తక్కువ గేరులో, నడిచే మనిషి వేగం కన్న తక్కువగా బండిని పోనివ్వాలి. వేగం రెట్టింపైతే దెబ్బలోని శక్తి నాలుగింతలవుతుందని మా పదో తరగతి పాఠం. నెమ్మదిగా తగిలితే గీత పడేచోట, వేగంగా తగిలితే బీట పడుతుంది. టైరులో గాలి కొంచెం తగ్గిస్తే పట్టు పెరుగుతుందని అంటారు, అది నిజమే. కాని గాలి తగ్గినకొద్దీ పెట్టె కూడా నేలకు దిగుతుంది. ఇసుకకు మంచిదైన పని బండరాళ్ళకు అంతగా మంచిది కాకపోవచ్చు.

రెండవది ఉక్కు రేకు. దీనిని డిఫరెన్షియల్ గార్డు అంటారు. దీనికి అయిదారు మిల్లీమీటర్ల మందం ఉండాలి. ఆకారం పడవ అడుగులాగా ముందుకూ వెనక్కూ ఏటవాలుగా ఉండాలి. రాయి తగిలినప్పుడు బండి దానిమీద జారిపోవాలే గాని తట్టుకుని ఆగకూడదు. అంచు నిటారుగా ఉన్న గార్డు రాతికి కొక్కెంలాగా తగులుకుంటుంది. అటువంటిది ఉండటం కన్న లేకపోవడమే నయం. గార్డును ఇరుసు గొట్టాలకు బిగింపు పట్టీలతో కట్టాలి. పోతపోసిన పెట్టెకు నేరుగా వెల్డింగ్ చేస్తే ఆ వేడికి అది పెళుసుబారి, అతుకు పక్కనే బీట ఇస్తుంది. పాత కమాను పట్టీ ముక్కను అతికించుకుంటే చాలదా అని అడగవచ్చు. కమాను ఉక్కుకు కూడా వెల్డింగ్ వేడి గిట్టదు. గార్డుకూ పెట్టెకూ నడుమ కొద్ది ఎడముండాలి, రెండూ తాకి ఉంటే దెబ్బ నేరుగా పెట్టెకే చేరుతుంది. నూనె మర విప్పడానికి ఒక రంధ్రం, బురద జారిపోవడానికి కొన్ని రంధ్రాలు ఉండాలి. బోల్టుల తలలు రేకులోనికి అణగి ఉండాలి.

గార్డు ఉన్నదని ధైర్యం మితిమీరకూడదు. దాని మందం, దాని ఎడమూ కలిసి నేల ఎత్తును ఆమేరకు తగ్గిస్తాయి. రేకుకూ పెట్టెకూ నడుమ ఇరుక్కున్న రాయిని తీయకపోతే అదే పెట్టెను అరగదీస్తుంది. అన్నిటినీ మించి, గార్డు కమ్మిన చోట నూనె కారుతున్నా వెంటనే కనబడదు. రక్షణ కోసం కప్పిన కవచం లోపాన్ని కూడా కప్పగలదు. అందుకే మూడవదైన పరీక్ష తప్పదు.

ఎడ్లబండి తోలేవాడు ప్రయాణానికి ముందు ఇరుసుకు కందెన పెట్టేవాడు. డిఫరెన్షియల్‌కు ఆ కందెన చిక్కని గేరు ఆయిల్. అది నింపే రంధ్రం అంచు వరకూ ఉండాలి. రాళ్ళదారి ప్రయాణం ముగిసిన ప్రతిసారీ బండి కిందికి వంగి తడిమరక, సొట్ట, కొత్త గీత ఉన్నవేమో చూడాలి. నూనె మరకు అయస్కాంతం ఉన్నదైతే విప్పి చూడాలి. దానికి బూడిదరంగు మెత్తని పొడి అంటుకుంటే సహజమైన అరుగుదల. ముక్కలు అంటుకుంటే పళ్ళు విరుగుతున్నాయని అర్థం. వాగులు దాటే బండికి మరొక భయం కూడా ఉంది. వేడెక్కిన పెట్టె చల్లని నీటిలో మునగగానే లోపలి గాలి ముడుచుకుంటుంది. గాలి ఆడే చిన్న గొట్టం మట్టితో పూడుకుని ఉంటే ఆ ఖాళీని నింపడానికి సీలుల సందుల గుండా నీరు లోపలికి చేరుతుంది. నీరు కలిసిన నూనె పాలుపోసిన కాఫీ రంగుకు తిరుగుతుంది. ఆ నూనె పళ్ళను కాపాడదు, దానిని మార్చవలసిందే. నడిచేటప్పుడు పెట్టె నుండి సన్నని కూత వినబడినా ఉపేక్షించకూడదు.

ఇంత జాగ్రత్త పడినా అడవి నడుమ పెట్టె పగిలితే ఏమి చేయాలి? మొదట బండి ఆపాలి. బీట సన్ననిదైతే నూనెమరకను శుభ్రంగా తుడిచి, బట్టల సబ్బును గట్టిగా రుద్ది పట్టించడమో, ఎం సీల్ వంటి ముద్దను కలిపి అద్దడమో చేస్తారు. అది గూడు చేరడానికే గాని నెల తిరగడానికి కాదు. వెనుక డిఫరెన్షియల్ పళ్ళు విరిగితే, నాలుగు చక్రాల జీపులో వెనుక షాఫ్టును విప్పివేసి ముందు చక్రాల లాగుడుతో మెల్లగా బయటపడే వీలుంటుంది. అందుకు తగిన పానాలు బండిలో ఉండాలి. కారే నూనె కింద డబ్బా పెట్టి పట్టాలి. అది 1983లో పులుల సంరక్షణ పథకంలో చేరిన నాగార్జునసాగర్ శ్రీశైలం అభయారణ్యం. చెంచులు తరతరాలుగా నివసించే చోటు. ఆ వాగుల నీరు తాగే మనుషులూ జంతువులూ ఉన్నారు. మన మొక్కు తీరి, వారి నీరు చెడటం ధర్మం కాదు.

ఇప్పుడు తల్లులు అడిగిన ప్రశ్నకు నా సమాధానం చెబుతాను. వెళ్ళవచ్చును, కాని కళ్ళు మూసుకుని ఎక్కకూడదు. సొంతంగా థార్, గూర్ఖా వంటి బండ్లున్న మన పూర్వ విద్యార్థులు వాటిని శ్రీశైలంలోనే ఉంచండి. అడవిలోనికి అటవీశాఖ అనుమతి ఉన్న జీపులే వెళ్ళాలి. అనుమతులు, వేళలు మారుతుంటాయి కనుక బయలుదేరేముందే విచారించండి. ఎక్కేముందు జీపు నిలబడిన నేలను చూడండి. ముందు, వెనుక ఇరుసుల నడుమ కింద తాజా నూనెచుక్కలుంటే ఆ బండి ఎక్కకండి. చక్రాల లోపలివైపు తడి ఉంటే అది బ్రేకు నూనె కావచ్చు, అప్పుడు కూడా ఎక్కకండి. పరిమితికి మించి జనాన్ని ఎక్కించనివ్వకండి. బరువు పెరిగితే చాసీ, నూనె ట్యాంకు రాళ్ళకు దిగుతాయి, తగిలే ప్రతి దెబ్బా బలమవుతుంది. డ్రైవరు "కొంచెం దిగండి" అన్నచోట విసుక్కోక దిగి నడవండి. త్వరగా పొమ్మని తొందరపెట్టకండి. ఆరోగ్యం బాగులేని వృద్ధులు, నెలలు నిండినవారు, ఒడిలోని పసిబిడ్డలు ఈ ఒక్క ప్రయాణం మానుకుని భ్రమరాంబాదేవి సన్నిధిలోనే ఉండటం మంచిది. ఇది నా నిశ్చితాభిప్రాయం. పాఠశాల పిల్లలను పంపే విషయంలో కూడా ఈ నియమాలకు ఒప్పుకుని సంతకం చేసిన తల్లిదండ్రుల బిడ్డలనే యాత్రలో చేర్చుకుంటామని మనవి చేస్తున్నాను.

చివరగా తల్లిదండ్రులకు మరొక మాట. మన బడిలో చదివే పిల్లలలో డ్రైవర్ల బిడ్డలున్నారు, పుదుపేట వీధులలో పాత మోటారు సామాను అమ్మేవారి బిడ్డలున్నారు, వర్క్‌షాపులలో పనిచేసేవారి బిడ్డలున్నారు. మీ నాన్నగారు ఏమి చేస్తారని అడిగితే తలవంచుకునే పిల్లలను నేను చూశాను. క్రౌన్‌కు పినియన్‌కు నడుమ ఎంత ఎడముండాలో వేళ్ళతో గ్రహించగలిగిన మనిషి విద్య, మా పుస్తకాల విద్యకు ఏవిధంగానూ తీసిపోదు. ఆ తండ్రులు ఇంట తాము చేసే పనిని పిల్లలకు వివరించి చెప్పాలని ప్రార్థిస్తున్నాను. ఆడపిల్లలకు కూడా చెప్పండి. జీపు కింద దూరి చూడటానికి మగపిల్లవాడే కానక్కరలేదు.

తెలుగులో చదివితే యంత్రాలు అర్థం కావని కొందరి భయం. 1906లో హైదరాబాదులో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని నెలకొల్పి, ఆపైన ఈ చెన్నపట్నంలో విజ్ఞానసర్వస్వానికి శ్రమించి 1923లో ఇక్కడే కన్నుమూసిన కొమర్రాజు లక్ష్మణరావు గారు ఆ భయాన్ని అంగీకరించలేదు. ఈ మైలాపూరులోనే నివసించి, పత్రిక నడిపి, ఎందరో పండితులను పోషించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారూ అంగీకరించలేదు. ఇప్పటిదాకా నేను చెప్పినదంతా మీకు అర్థమైతే, ఇరుసు, కందెన, పళ్ళచక్రం అనే మాటల పక్కన క్రౌన్, పినియన్, గార్డు అనే మాటలు ఇబ్బంది లేకుండా ఒదిగి కూర్చున్నట్లే. మాట ఎక్కడినుండి వచ్చినా ఆలోచన మనదైతే చాలు.

యాత్రకు వెళ్ళేవారికి ఇష్టకామేశ్వరీదేవి ఇష్టార్థసిద్ధిని ప్రసాదించుగాక. ఎక్కేముందు మాత్రం ఒక్కసారి వంగి బండి కిందికి చూడండి.